ఆదెమ్మక్క చేతులు

మా అత్తగారింట్లో పట్టుపురుగులకు ఉన్న మర్యాద అల్లుళ్లకు లేదు. అల్లుడొస్తే చెంబుతో నీళ్లిచ్చి, మంచం వాల్చి, కాఫీ ఇచ్చి ఊరుకునేవాళ్లు. అదే అల్లుడు పురుగుల కొట్టం చూస్తానంటే మాత్రం బీడీ పారేయాలి, కాళ్లు కడుక్కోవాలి, పౌడరు రాసుకుని ఉంటే ముఖం కూడా కడుక్కోవాలి. ఇన్ని చేసి గడప బయట నిలబడితే లోపలి నుంచి ఒక గొంతు వచ్చేది. "ఇప్పుడొద్దప్పా, పురుగులు జ్వరంలో ఉండాయి. రేపు రా." ఆ గొంతు మా ఆయన వదిన ఆదెమ్మది. నేను ఆదెమ్మక్క అనేదాన్ని.

జ్వరమంటే కంగారుపడనక్కర్లేదు. పురుగు ఆకు తినడం మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోయే సమయాన్ని మా వైపు జ్వరం అంటారు. అప్పుడది పాత చర్మం విడిచి కొత్త చర్మం వేసుకుంటుంది. ఆ వేళలో ముట్టుకుంటే చెడిపోతుంది. ఎప్పుడు జ్వరానికి పడిందో, ఎప్పుడు లేచిందో, మళ్లీ ఆకు ఎప్పుడు వేయాలో చెప్పడం అందరికీ చేతకాదు. ఆదెమ్మక్క తట్ట మీదికి వంగి ఒక్కసారి చూసి చెప్పేది.

నేను డెబ్బయ్యారులో ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. పుంగనూరు హైస్కూల్లో సైన్సు టీచరును. ఊరేమో పెద్దపంజాణి దగ్గర పల్లె. పొద్దున బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. ముక్కు మీద కోపం, నోట్లో చాక్‌పీసు వాసన, చేతికి వంట రాదు. ఇలాంటి కోడల్ని అత్త చెంగమ్మ నోటికి వదిలిపెట్టకుండా కాపాడింది ఆదెమ్మక్కే. "దానికి బడి ఉండాది, నాకు కొట్టం ఉండాది. సంగటి ఎవరు గెలికితే ఏమత్తా?" అనేది. గెలికేది మాత్రం ఆమే.

ఆమె పుట్టిల్లు కుప్పం పక్క పల్లె. మాటలో కన్నడం, అరవం రెండూ దొర్లేవి. పెళ్లయి వచ్చేటప్పుడు పెట్టెలో చీరలతో పాటు తడిగుడ్డలో చుట్టిన మల్బరీ కడ్డీలు తెచ్చుకుందట. వాటిని చూసి ఊళ్లో అందరూ నవ్వారట. వేరుశనగ తప్ప ఇంకోటి ఎరగని నేల. వాన వస్తే పంట, రాకపోతే లేదు. ఆ కడ్డీలను బావి పక్కన నాటి, రెండేళ్లలో తోట చేసి, పశువుల కొట్టం ఒకటి ఖాళీ చేయించి, తన భర్త, మా బావ దొరస్వామి చేత వెదురు తట్టలు అల్లించి పురుగులు పెట్టింది. తర్వాత ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. అత్త నోటి ముందు ఆ ఇంట్లో ఎవరి మాటా చెల్లేది కాదు గానీ, కొట్టం గడప దాటితే మాత్రం అత్త కూడా ఆదెమ్మక్క చెప్పినట్టు వినేది. ఆమెకు ఈ లోకంలో తనదంటూ ఉన్నది ఆ గడప లోపలి చోటే.

డెబ్బయ్యెనిమిదిలో ఆమె కుడిచేతి వేళ్ల కణుపుల మీద తెల్లమచ్చ వచ్చింది. సున్నం అంటిందనుకుని తుడుచుకుంది. పోలేదు. కొన్ని నెలల్లో రెండు చేతులూ మణికట్టు దాకా పాలిపోయాయి. పెదవి చివర ఒక మచ్చ, చెంప మీద ఒక మచ్చ లేచాయి. బొల్లి. ఆదెమ్మక్క మనిషి మంచి నలుపు. ఆ నలుపు మీద మచ్చలు దూరానికి కూడా కనిపించేవి. ఆమె దాచుకోలేదు, దాచుకునే తీరికా లేదు. పురుగులు నాలుగో జ్వరం దాటి గంపలకు గంపలు ఆకు నమిలేస్తున్న రోజులవి.

ఆ కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. కొట్టంలో చెమ్మ ఎక్కువైంది. పురుగులు ఒకటి రెండు మెత్తబడి చచ్చాయి. మర్నాటికి అవే బిగుసుకుని, సుద్దముక్కల్లాగా గట్టిపడి, తెల్లగా అయిపోయాయి. మా వైపు దీన్ని సున్నపుకట్టు అంటారు. బూజు వల్ల వచ్చే రోగం. చచ్చిన పురుగు మీద రేగే తెల్లపొడి గాలికి లేచి పక్క తట్టల్లో పడితే కొట్టమంతా పోతుంది. పోయింది కూడా. పండడానికి సిద్ధంగా ఉన్న పంటంతా ఎరువుదిబ్బ మీదికి పోయింది.

పక్కింటి గోవిందమ్మ వచ్చి దిబ్బ మీద పురుగులను చూసింది, ఆదెమ్మక్క చేతులను చూసింది. ఆమె చూసిన తీరుకే మా అత్తకు ముఖం మారింది.

"నేను ఊరికే అంటాండానని అనుకోవద్దు చెంగమ్మా," అంది గోవిందమ్మ. "ఆ చేతులతో ముట్టుకుంటేనే పురుగులు ఇట్ల తెల్లగ అయినాయి. సూడు, రంగు ఒకటే గదా."

మర్నాటి నుంచి ఆదెమ్మక్కకు కొట్టంలోకి ప్రవేశం లేదు. తట్ట ముట్టుకోకూడదు, ఆకు కోయకూడదు, చివరికి ఆకు తరిగే కత్తి కూడా తాకకూడదు. సంగటి గెలకొచ్చు, కూర తరగొచ్చు, మాకందరికీ అన్నం పెట్టొచ్చు. పురుగులకు అంటే రోగం మనుషులకు అంటదా అని నేను అడిగాను. మా అత్త నన్ను జాలిగా చూసింది. "పురుగులు సుకుమారం టీచరమ్మా. మనం మొండి నాయాండ్లం. మనకేమయితాది?"

నాకు ఒళ్లు మండింది. మదనపల్లెలో చర్మం డాక్టరున్నాడని మా స్కూల్లో చెప్పారు. ఆదెమ్మక్కను తీసుకుని పోతానన్నాను. "నేనూ వస్తా," అంది అత్త. డాక్టరు నోటితోనే తన మాట అనిపించాలని ఆమె ఉద్దేశం. ముగ్గురం పొద్దున బస్సుకు పోయాం.

డాక్టరు దేవరాజులు అరవై దాటిన మనిషి. మాటకారి. ఆదెమ్మక్క చేతులను తన చేతుల్లోకి తీసుకుని, వెలుతురు పడే చోటికి తిప్పి తిప్పి చూశాడు. అంతకుముందు నెలరోజులుగా ఆ చేతులను ఎవరూ పట్టుకోలేదు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన గమనించనట్టే ఊరుకున్నాడు. మంచి డాక్టరు.

"ఇది అంటురోగం కాదమ్మా. పక్కలో పడుకున్నా రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. చర్మంలో రంగు చేసే కణాలు ఉంటాయి. అవి పని మానేసినాయి."

"యాల మానేసినాయి సామీ? కూలి సాల్లేదనా?" అంది అత్త.

డాక్టరు పకపకా నవ్వాడు. "అది ఇంకా ఎవరికీ తేలలేదమ్మా. ఏవేవో చెప్తారు. బొల్లికి దారి దొరుకుతుందని వెతుకుతా ఉంటే, వేరే దేశంలో ఒక చర్మం డాక్టరుకు విచిత్రమైన వస్తువు దొరికింది. ఆవు మెదడు నడుమ చింతగింజంత గ్రంథి ఒకటి ఉంటాది. దాని రసం కప్ప చర్మానికి తగిలిస్తే నల్లకప్ప తెల్లబడిపోయింది. మెలటోనిన్ అని పేరు పెట్టినాడు. చీకటి పడితే అది మన తలలోనూ ఊరతాది, తెల్లారితే తగ్గిపోతాది. అయితే మనిషికి ఇచ్చి చూస్తే చర్మం రంగు మారలేదు. నిద్ర వచ్చింది, అంతే. కప్ప వేరు, మనం వేరు."

తర్వాత మందు రాశాడు. బావంచాల గింజల్లో ఉండే సారం లాంటిదే మాత్రగా వస్తుంది. అన్నం తిన్నాక వేసుకుని, కాస్త పొద్దెక్కాక మచ్చలకు ఎండ చూపించాలి. మొదట కొద్దిసేపే, మెల్లగా పెంచుకోవాలి. కళ్లకు నల్లద్దాలు పెట్టుకోవాలి. "మాత్ర మింగిన రోజు చెప్పినదానికంటే ఎక్కువసేపు ఎండలో ఉంటే చర్మం కాలి బొబ్బలెక్కుతాది. మరిచిపోవద్దు," అని రెండుసార్లు చెప్పాడు. ముఖం మీద రంగు తిరిగి రావచ్చనీ, వేళ్ల మీద రావడం కష్టమనీ కూడా దాచకుండా చెప్పాడు.

బస్సు మదనపల్లె దాటగానే అత్త నా వైపు తిరిగింది. "ఇన్నావా టీచరమ్మా? డాక్టరే సెప్పినాడు. సీకట్లో ఊరేదే తోలును తెల్లగ జేస్తాదంట. మన పురుగుల కొట్టం సీకటి గదా. ఆడనే తగులుకునింది దీనికి. ఇంగ ఆదెమ్మ ఆ పక్కకే పోగూడదు."

"అది కప్పకత్తా! మనిషికి కాదని కూడా చెప్పినాడు గదా."

"నువ్వు బడిలో కప్పను కోసి మనిషిని గురించి పాఠం సెప్తాండావంట గదా? పాఠానికి పనికొచ్చే కప్ప రోగానికి యాల పనికిరాదు?"

నేను బి.ఎస్సీ., బి.ఎడ్. చదివాను. దానికి జవాబు నాకు పలమనేరు, చిత్తూరు, తిరుపతి ఎక్కడ వెతికినా దొరకలేదు. వెనక సీట్లో ఆదెమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తన చోటు పోతోందని తెలిసి కూడా నవ్వగలిగిన మనిషి ఆమె.

మా అత్త ముందు మచ్చలు పురుగులకు అంటాయంది, ఇప్పుడు పురుగుల కొట్టమే మచ్చలు పెట్టిందంటోంది. రెండూ ఎదురెదురు మాటలని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. అయితే డాక్టరు చెప్పిన ఆ వస్తువు సంగతి ఆయన అనుకున్నంతతో తీరిపోలేదని ఈ మధ్య, రిటైరయ్యాక, చదివి తెలుసుకున్నాను. మెలటోనిన్‌ను తల ఒక్కటే కాదు, మన చర్మం కూడా తనంతట తాను తయారు చేసుకుంటుందట. తిండిలో వచ్చే ఒక పదార్థమే దానికి ముడిసరుకు. వాడుకున్న తర్వాత దాన్ని ముక్కలు చేసేదీ చర్మమే. ఎండ తగిలితే ఇంకా త్వరగా విరుగుతుందట. ఆ విరిగిన ముక్కలు కూడా వృథా పోకుండా, ఎండ వల్ల కణాలకు జరిగే చెరుపును అడ్డుకుంటాయట. రాత్రి సరుకు పగటి కాపలా కాస్తుందన్నమాట. బొల్లికీ దీనికీ ఉన్న సంబంధమేమిటో ఇంకా పూర్తిగా తేలలేదు. చదువుతూ ఉంటే మా అత్త గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆమె వింటే ఇంకేం లెక్క తేల్చేదో!

ఆదెమ్మక్క మాత్రం మందు మొదలుపెట్టింది. జనం చూపులు పడకుండా గదిలో తలుపేసుకుని కిటికీ ఎండకు చేతులు చాపమని బావ బతిమాలాడు. ఆమె వినలేదు. ఎండ ఎక్కడ బాగా పడుతుందో అక్కడే కూర్చుంటానంది. అంటే మిద్దె మీద. మా మిద్దె ఊరి నడుమన ఉంటుంది, వీధిలో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. ఆమె నల్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద చాపి, ముఖం ఎత్తి కూర్చునేది. మొదట్లో జనం నిలబడి చూశారు. సినిమా యాక్టరు వచ్చిందన్నారు. "నువ్వూ ఎక్కిరాప్పా, అద్దాలు ఇస్తా," అని ఆమె పైనుంచి కేక వేసేది. నాలుగు వారాలకు చూసేవాళ్లే విసుగెత్తి మానేశారు. ఆ ధైర్యం నాకుందా అని ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. లేదు. మొటిమ లేస్తే బడికి సెలవు పెట్టిన మనిషిని నేను.

చాన్నాళ్లకు చెంప మీది మచ్చలో ఆవగింజలంత నల్లచుక్కలు పొడిచాయి, తర్వాత అవి కలిసి మచ్చ నిండింది. పెదవి కూడా కొంత కుదిరింది. చేతులు మాత్రం డాక్టరు అన్నట్టే చివరిదాకా తెల్లగానే ఉండిపోయాయి. కానీ నేను చెప్పదలుచుకున్నది మందు మొదలుపెట్టిన తొలిరోజుల మాట.

ముసురు వెలిసి, తర్వాతి పంటకు గుడ్లు రావాల్సిన వారం. ఆదివారం, నాకు సెలవు. అక్క పక్కన మిద్దె మీద కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాను. కింద పెరట్లో అత్త, బావ, గోవిందమ్మ, ఇద్దరు కూలీలు కొట్టం శుద్ధి చేస్తున్నారు. శుద్ధి అంటే గోడలు, నేల పేడతో అలికి, పసుపునీళ్లు చల్లడం. దోషమంతా ఆదెమ్మక్క చేతుల్లో ఉంది, ఆ చేతులు ఇప్పుడు లేవు కాబట్టి పేడ, పసుపు చాలునని వాళ్ల నమ్మకం. పోయిన పంట తట్టలు గోడవారగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాటిని దులిపి లోపలికి మోసుకుపోతున్నారు.

ఆదెమ్మక్క నల్లద్దాలు తీసి చూసింది. "అయ్యో, ఆ తట్టల నిండా బూజుపొడి ఉంటాది గదా," అంది మెల్లగా. "మందునీళ్లతో కడగలేదు. ఎండబెట్టలేదు. ఇట్లనే పెడితే ఈ పంటా పోతాది."

నేను పేపర్లు పక్కన పెట్టాను. నాకు లెక్క వెంటనే అందింది. ఆమె కాలు పెట్టని కొట్టంలో సున్నపుకట్టు మళ్లీ వస్తే, దోషం ఆమె చేతులది కాదని ఊరంతటికీ తేలిపోతుంది. నోరు తెరవకుండా ఇక్కడ కూర్చుంటే చాలు, కొట్టం ఆమెదవుతుంది. అదే ఆమె నోరు తెరిచి, తట్టలు కడిగించి, పంట పండిందంటే, ఆదెమ్మ లేకపోతేనే పండుతుందని మాట స్థిరపడిపోతుంది. ఇక జన్మలో ఆ గడప దాటలేదు.

"అక్కా, ఊరుకో," అన్నాను. "నీ పాదాలు పట్టుకుంటాను, ఈ ఒక్కసారి ఊరుకో."

ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. చేతుల వైపు చూసుకుంది. అలా చూసుకున్నంతసేపూ నేను నిజంగా ఆశపడ్డాను.

"నా మీద వాళ్లకు కోపముంటే పురుగులేం జేసినాయి వరలక్ష్మీ?" అంది. లేచి పిట్టగోడ దగ్గరికి పోయి గొంతెత్తింది. "ఓ అత్తా! ఆ తట్టలు లోపలికి పెట్టొద్దు! ఎత్తినవన్నీ బయటికి తీసకరాండి!"

కింద అందరూ తలెత్తారు. గోవిందమ్మ ఏదో సణిగింది. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పైనుంచి అక్క, కింది నుంచి అత్త ఒకరినొకరు చూసుకున్నారు. ఏమనుకుందో ఏమో, అత్త తట్టను కింద పెట్టింది. "ఇంగేం జేయాల?" అంది.

ఇక ఆ పూటంతా అక్క మిద్దె మీదే నిలబడింది. దిగితే కొట్టం దగ్గరికి వచ్చిందంటారు. పైనుంచే అరిచింది. పట్టుపరిశ్రమ ఆఫీసులో ఇచ్చిన ఫార్మలిన్ మందు డబ్బా ఎక్కడుందో చెప్పింది, ఎంత నీళ్లలో కలపాలో చెప్పింది. ప్రతి తట్టనూ తడిపించింది, ఎండలో తిప్పి తిప్పి వేయించింది. అలికిన పేడ గీకించి గోడలకు సున్నం కొట్టించింది. ఎరువుదిబ్బ మీది చచ్చిన పురుగులకు నిప్పు పెట్టించింది. కొట్టంలో చెమ్మ ఆరడానికి కుంపట్లు సిద్ధం చేయించింది. పొద్దున మాత్ర మింగిన సంగతి ఆమె మరిచిపోయింది. సిగ్గులేకుండా నేనూ మరిచిపోయానని అనుకునేరు. నేను రెండుసార్లు చెప్పాను, కొంగు కప్పబోయాను. చేతులు ఊపితే గానీ ఆమెకు మాట రాదు. "ఉండు ఉండు, ఆ మూలది కడగలా," అని నన్ను తోసేసింది.

మర్నాటికి రెండు చేతులూ ఎర్రగా వాచి బొబ్బలెక్కాయి. రంగులేని చర్మానికి ఎండను ఆపే శక్తి తక్కువ, అందులోనూ ఆ మాత్ర పడింది. అన్నం కలుపుకోలేకపోయింది. నేను బడికి పోవాలి. సాయంత్రం వచ్చి చూస్తే, వసారాలో అక్క చేతులను ఒళ్లో పెట్టుకుని అత్త వెన్న పూస్తోంది. వేలు వేలుకూ, సందు సందుకూ పూస్తోంది. నేను చప్పుడు చేయకుండా లోపలికి పోయాను. బొబ్బలు మానేదాకా ఆమెకు అన్నం పెట్టింది కూడా అత్తే.

పంట పండింది. ఒక్క పురుగు సుద్ద కాలేదు. చంద్రికల నిండా, అంటే పురుగులు గూళ్లు కట్టే ఆ వెదురు చట్రాల నిండా, పసుపుపచ్చని గూళ్లు ఒత్తుగా అల్లుకున్నాయి. ఊరంతా నేను భయపడ్డ మాటే అంది. ఆదెమ్మ కాలు పెట్టలేదు, పంట పండింది. బావి దగ్గర, బస్సులో, అంగట్లో అదే మాట. నేను విన్నచోటల్లా పోట్లాడాను. అక్క ఒక్కమాట అనలేదు. గూళ్లు విడదీస్తున్న రోజు కూడా వంటింట్లోనే ఉండిపోయింది. పొయ్యి ముందు కూర్చుని గూళ్ల గలగలలు వింటున్న ఆమె ముఖం చూడలేక నేను పెరట్లోకి పోయాను. నేనిచ్చిన సలహా తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆమె నాకంటే పెద్ద మనిషి, అంతే తేడా.

తర్వాతి పంటకు పట్టుపురుగుల గుడ్లు అంటుకుని ఉండే కాగితాలు వచ్చాయి. బావ సంచిలోంచి తీసి వాళ్లమ్మ చేతికిచ్చాడు. పెరట్లో ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. గోవిందమ్మ దిష్టి తీస్తున్నట్టు చేతులు తిప్పి, "ఆదెమ్మను ఈ తూరి కూడా దూరంగానే పెట్టు చెంగమ్మా. పంట కండ్లారా సూసినాం గదా," అంది.

అత్త గుడ్ల కాగితాలు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఆదెమ్మా, ఇట్ల రా," అని పిలిచింది. అక్క చేయి తుడుచుకుంటూ వచ్చింది. బొబ్బలు మాని కొత్త చర్మం గులాబీరంగుగా ఉంది.

"పంట పండించింది ఇదే," అంది అత్త గోవిందమ్మతో. "మిద్దె మీద నిలబడుకోని అరిసి అరిసి పండించింది. మేము ఒట్టి కూలోళ్లం. అరవకుండా ఉండి ఉంటే పంట పోయుండు, దీని మీద మాటా పోయుండు. అది దానికి తెలీదనుకున్నావా? తెలిసే అరిసింది." తన రెండు చేతులూ చాపి అందరికీ చూపించింది. "ఈ సేతులతో దాని సేతులకు వెన్న పూసినా. వారం పూసినా. మళ్లా ఇవే సేతులతో మన పురుగులకు ఆకేసినా. యాడ ఉండాది మచ్చ? సూపించు గోవిందమ్మా, యాడ ఉండాది? పురుగు ఒకటన్నా తెల్లబడిందా?"

అత్త ఆ కాగితాలను ఆదెమ్మక్క తెల్లటి అరచేతుల్లో పెట్టి, తన చేతులతో ఆ వేళ్లను మూసింది.

అక్క అందరి ముందూ ఏడ్చేసింది. మచ్చలొచ్చినప్పుడు ఏడవలేదు, గడప మూసినప్పుడు ఏడవలేదు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మళ్లీ అక్కే ముందు తేరుకుంది. కాగితాలను గబుక్కున గుండెలకు అదుముకుని కొంగు కప్పింది.

"ఎండలో నిలబడుకోని ఏడిస్తే ఎట్లత్తా, గుడ్లు సచ్చిపోవా?" అంది, తడి కళ్లతోనే కసురుకుంటూ. కొట్టం తలుపు తోసి చీకట్లోకి నడిచింది. అత్త ఆమె వెనకాలే లోపలికి పోయింది.